జవాబు కాదు, దారి చెప్పు

ఇప్పుడు ఏ లాజిక్ పజిల్‌కైనా జవాబు దొరకడం పెద్ద పని కాదు. ఫోన్‌లో అడిగితే క్షణాల్లో వచ్చేస్తుంది. మరి నలుగురు ఫ్రెండ్స్ హాస్టల్ రూములో కూర్చుని ఒకే పజిల్ మీద గంటసేపు వాదించుకోవడంలో అర్థం ఉందా? ఉంది. జవాబు ఎక్కడైనా దొరుకుతుంది కానీ, మన ఆలోచన ఎక్కడ దారి తప్పిందో చూపించడానికి ఎదురుగా ఇంకో మనిషి ఉండాలి. ఒక ఫేమస్ పజిల్‌తో దీన్ని చూద్దాం.

సింగపూర్‌లో స్కూల్ పిల్లల మ్యాథ్స్ ఒలింపియాడ్‌లో ఇచ్చిన ఒక ప్రశ్నని, 2015 ఏప్రిల్‌లో అక్కడి టీవీ ప్రెజెంటర్ కెన్నెత్ కాంగ్ ఫేస్‌బుక్‌లో పెట్టారు. కొద్ది రోజుల్లోనే అది ప్రపంచమంతా తిరిగింది. మొదట్లో చాలామంది అది పదేళ్ల పిల్లలకి ఇచ్చిన ప్రశ్న అనుకుని కంగారుపడ్డారు. నిజానికి అది పద్నాలుగేళ్ల వాళ్లకి ఇచ్చింది. ప్రశ్న ఇదీ:

షెరిల్ తన పుట్టినరోజు ఈ పది తేదీల్లో ఒకటి అని ఆల్బర్ట్‌కి, బెర్నార్డ్‌కి చెప్పింది.

మే 15, 16, 19
జూన్ 17, 18
జూలై 14, 16
ఆగస్టు 14, 15, 17

తర్వాత ఆల్బర్ట్‌కి నెల మాత్రం, బెర్నార్డ్‌కి తేదీ మాత్రం విడివిడిగా చెప్పింది. అప్పుడు వాళ్ల మాటలు ఇలా సాగాయి.

ఆల్బర్ట్: షెరిల్ పుట్టినరోజు ఎప్పుడో నాకు తెలియదు. కానీ బెర్నార్డ్‌కి కూడా తెలియదని నాకు తెలుసు.
బెర్నార్డ్: మొదట నాకు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.
ఆల్బర్ట్: అయితే నాకూ తెలిసింది.

పుట్టినరోజు ఎప్పుడు? ముందుగా సొంతంగా ట్రై చేయాలనుకునేవాళ్లు ఇక్కడ ఆగి, కాగితం పెన్ను తీసుకోండి.

ఇక విప్పుదాం. లిస్టులో 18, 19 ఒక్కొక్కసారే వచ్చాయి. బెర్నార్డ్‌కి చెప్పింది వాటిలో ఒకటైతే అతనికి వెంటనే తెలిసిపోయేది. "బెర్నార్డ్‌కి తెలియదు" అని ఆల్బర్ట్ అంత గట్టిగా అంటున్నాడంటే, అతనికి చెప్పిన నెలలో 18 గానీ 19 గానీ ఉండకూడదు. అంటే మే, జూన్ రెండూ మొత్తం పోయాయి. మిగిలింది జూలై 14, 16, ఆగస్టు 14, 15, 17. ఇప్పుడు బెర్నార్డ్ తెలిసిందంటున్నాడు. 14 అయితే ఏ నెలో తేలదు కాబట్టి రెండు 14లూ పోయాయి. మిగిలింది జూలై 16, ఆగస్టు 15, 17. చివర్లో ఆల్బర్ట్‌కీ తెలిసింది. ఆగస్టు అయితే ఇంకా రెండు తేదీలుంటాయి, తెలిసే ఛాన్స్ లేదు. కాబట్టి జూలై 16.

అసలు గొడవ ఇక్కడే మొదలవుతుంది. ఈ పజిల్ నలుగురికి ఇస్తే ఒకరైనా "ఆగస్టు 17" అంటారు. అప్పట్లో కూడా ఆ జవాబు ఎంతగా ప్రచారమైందంటే, అది ఎందుకు కాదో ఒలింపియాడ్ నిర్వాహకులే వివరణ ఇవ్వాల్సి వచ్చింది.

ఆగస్టు 17 అన్నవాళ్ల లెక్క ఇలా ఉంటుంది. బెర్నార్డ్‌కి తెలియదట, కాబట్టి 18, 19 కొట్టేద్దాం. జూన్‌లో 17 ఒక్కటే మిగిలింది. జూన్ అయితే ఆల్బర్ట్‌కి తెలిసిపోయేది, కాబట్టి అదీ కొట్టేద్దాం. ఇప్పుడు 14, 15, 16 రెండేసి సార్లున్నాయి, 17 ఒక్కసారే ఉంది. బెర్నార్డ్‌కి తెలిసిందంటే 17 అయ్యుండాలి. అంటే ఆగస్టు 17.

ఇందులో ఏ స్టెప్పూ విడిగా చూస్తే తప్పు కాదు! తేడా అంతా మొదటి వాక్యాన్ని చదవడంలో ఉంది. బెర్నార్డ్ ముందుగా తనంతట తనే "నాకు తెలియదు" అని, తర్వాత ఆల్బర్ట్ "నాకూ తెలియదు" అని ఉంటే, ఈ లెక్క ప్రకారం ఆగస్టు 17 సరైన జవాబే. కానీ ఇక్కడ బెర్నార్డ్ ముందు నోరు విప్పలేదు. ఆల్బర్ట్ దగ్గరున్నది నెల ఒక్కటే, ఆ నెలని చూసే అతను ఆ మాట అన్నాడు. అందుకే రెండు తేదీలు కాదు, రెండు నెలలు పోవాలి. అంటే ఆగస్టు 17 అన్నవాళ్లు వేరే పజిల్‌ని కరెక్టుగా సాల్వ్ చేశారు. ప్రోగ్రాం కూడా ఇలాగే మోసం చేస్తుంది. కోడ్ తప్పులేకుండా రన్ అవుతుంది, కానీ ప్రాబ్లం స్టేట్‌మెంట్ అడిగింది వేరు.

జవాబు మాత్రమే చూసుకుంటే "ఓహో జూలై 16 అట" అనుకుని వదిలేస్తాం. మనం ప్రశ్ననే వేరుగా చదివామన్న సంగతి ఎప్పటికీ తెలియదు. ఎదురుగా ఉన్న ఫ్రెండ్ "ఆగు, 18 ఒక్కటే ఎందుకు కొట్టేశావ్? జూన్ మొత్తం ఎందుకు పోదు?" అని అడిగినప్పుడే అది బయటపడుతుంది.

అందుకే ఫ్రెండ్స్‌కి పజిల్ ఇచ్చేటప్పుడు మూడు విషయాలు గుర్తుపెట్టుకుంటే చాలు.

మొదటిది, మాటలు మార్చకండి. "బెర్నార్డ్‌కి కూడా తెలియదని నాకు తెలుసు" అన్నదాన్ని కుదించి "బెర్నార్డ్‌కి కూడా తెలియదు" అంటే పజిల్ చెడిపోతుంది.

రెండోది, ఎవరైనా ఇరుక్కుపోతే జవాబు చెప్పకండి, ఒక ప్రశ్న వేయండి. "తేదీ తెలియని ఆల్బర్ట్ అంత గట్టిగా ఎలా చెప్పగలిగాడు?" అంటే చాలు, మిగతాది వాళ్లే లాగేస్తారు.

మూడోది, తప్పు జవాబు వస్తే "రాంగ్" అనకుండా దాన్ని రన్ చేసి చూడమనండి. ఆగస్టు 17నే పెట్టి చూద్దాం. ఆల్బర్ట్ మొదటి మాట సరిపోతుంది. బెర్నార్డ్ మాటా సరిపోతుంది. కానీ చివర్లో ఆల్బర్ట్‌కి 15, 17 రెండూ మిగిలే ఉంటాయి. "నాకూ తెలిసింది" అనలేడు. తప్పు ఎక్కడుందో ఎవరూ చెప్పక్కర్లేదు, దానంతట అదే కనిపిస్తుంది.

మన పొడుపు కథల్లో విడుపు తెలిస్తే ఆట అయిపోతుంది. లాజిక్ పజిల్‌లో విడుపు తెలిశాకే అసలు ఆట మొదలవుతుంది: అదే ఎందుకు, ఇంకోటి ఎందుకు కాదు? ఈ రెండోదానికి కూడా సమాధానం చెప్పగలిగితేనే సాల్వ్ చేసినట్టు. ఈ రాత్రి మెస్సులో పక్కవాళ్లకి షెరిల్ పజిల్ ఇచ్చి చూడండి. ఎవరైనా ఆగస్టు 17 అంటే నవ్వకండి, ఎలా వచ్చిందో అడగండి.