ఉన్నత పాఠశాలలో విద్యార్థి ఎంపిక, అభిప్రాయ ప్రకటన: కామవరపుకోట పరిసరాల ఆధారంగా పరిశీలన

1. ప్రవేశిక

తరగతి గదిలో విద్యార్థి పాత్రకు రెండు పార్శ్వాలు ఉన్నాయి. ఉపాధ్యాయుడు సూచించిన అంశాలలో ఒకదానిని కోరుకోవడం ఎంపిక. ఆ అంశాలేవో నిర్ణయించే చర్చలో పాల్గొనడం అభిప్రాయ ప్రకటన. రెండవది లేనప్పుడు మొదటిది నామమాత్రమవుతుంది.

2. చట్టం - పరీక్ష

భారతదేశం 1992లో ఆమోదించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం, తమకు సంబంధించిన విషయాలలో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉన్నదని గుర్తించింది. పిల్లలు భయం లేకుండా, స్వేచ్ఛగా అభిప్రాయాలు వెల్లడించేందుకు తోడ్పడాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ నిర్దేశించింది. అయితే ఈ చట్టం ఎనిమిదవ తరగతి వరకే వర్తిస్తుంది. స్వతంత్రాలోచన బలపడే తొమ్మిది, పది తరగతులు దాని పరిధికి వెలుపలే ఉన్నాయి. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టు పని ఒక సాధనం. కాని పదవ తరగతి పబ్లిక్ పరీక్షలలో 20 శాతం అంతర్గత మార్కులను తొలగించాలని 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిర్ణయించింది. దానితో ఆ పనికి తుది ఫలితంలో ఉన్న విలువ పోయింది. అది లాంఛనంగా మిగిలిపోయే ప్రమాదం ఏర్పడింది.

3. స్థానిక ఉదాహరణ

ఏలూరు జిల్లా కామవరపుకోట మండలంలోని జీలకర్రగూడెం వద్ద గుంటుపల్లి బౌద్ధ గుహలున్నాయి. అక్కడి వృత్తాకార చైత్యగృహం లోకప్పున కర్రవాసాలను పోలిన వాసాలను రాతిలో చెక్కారు. ఈ మెట్ట ప్రాంతంలో ఆయిల్‌పామ్ తోటలు సాగవుతున్నాయి. “గుంటుపల్లి గురించి రాయండి” అని అడిగితే విద్యార్థులందరూ ఒకే సమాచారాన్ని ఎత్తిరాసే వీలుంది. దానికి బదులు ప్రశ్నలను వారినే ప్రతిపాదించమనవచ్చు. కర్రకట్టడాన్ని రాతిలో ఎందుకు అనుకరించారు? ఆయిల్‌పామ్ తోటలకు నీరు ఎక్కడినుండి వస్తున్నది? ఇటువంటి ప్రశ్నలలో ఆధారాలు దొరికేవాటిని తరగతి చర్చించి ఎంచుకోవాలి.

ఇందుకు మూడు నియమాలు అవసరం. చొరవగా మాట్లాడేవారి మాటే చెల్లకుండా ప్రతిపాదనలను ముందుగా చీటీలపై రాయించాలి. తిరస్కరించిన ప్రతిపాదనకు కారణం చెప్పాలి. నివేదిక, పటం, మౌఖిక ప్రదర్శన - రూపం ఏదైనా ఆధారం, వివరణలో స్పష్టత అనే కొలమానాలు అందరికీ ఒకటిగానే ఉండాలి.

4. ముగింపు

పాఠ్యాంశ భారం, పరీక్షల ఒత్తిడి ఈ పద్ధతికి పరిమితులే. అయినా సిలబస్‌ను మార్చకుండానే, ఒక్క ప్రాజెక్టుతో దీనిని ప్రారంభించవచ్చు. విద్యార్థిని మాట్లాడనివ్వడంతో ఉపాధ్యాయుని బాధ్యత ముగియదు. ఆ మాట వల్ల తరగతిలో ఏ నిర్ణయం మారిందో విద్యార్థికి కనిపించినప్పుడే అది నెరవేరుతుంది.