కాటు గుర్తు లేకపోతే పాము కరవనట్టేనా?

కామారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరులో మొదలైంది. అక్కడ చదివే పిల్లలు పరీక్షల కోసం వల్లెవేసే కేసుల్లో చాలావరకు పెద్దకొడప్‌గల్, పిట్లం, బిచ్కుంద పొలాల్లో రోజూ ఉండేవే. అయినా గైడ్లలో, సీనియర్ల నోట్సుల్లో కొన్ని పొరపాటు నమ్మకాలు బ్యాచ్ నుంచి బ్యాచ్‌కు చేరుతూనే ఉన్నాయి. వాటివల్ల పరీక్షలో మార్కు పోతే పోవచ్చు. వార్డులో మాత్రం మనిషే పోతాడు.

అపోహ: కాటు గుర్తులు, వాపు లేకపోతే అది పాముకాటు కాదు.

నేల మీద పడుకున్న రైతు తెల్లవారుజామున కడుపునొప్పితో, వాంతితో లేచాడు. కాసేపటికి రెప్పలు వాలిపోయాయి, ఉమ్మి మింగలేకపోతున్నాడు. ఒంటి మీద గాయం లేదు, జ్వరం లేదు. పరీక్షలో ఈ కేసు ఇస్తే చాలామంది నరాల జబ్బు గులియన్ బారీ అనో, తిండి వికటించిందనో రాస్తారు. వానాకాలంలో మన పల్లెల్లో ముందుగా అనుమానించాల్సింది కట్లపామును. దాని కోరలు చిన్నవి. నిద్రలో కరిస్తే నొప్పి తెలియదు, గుర్తూ కనిపించకపోవచ్చు.

అందుకే “పాము కరిచిందా?” అని అడిగితే “లేదు” అనే జవాబు వస్తుంది. రాత్రి ఎక్కడ పడుకున్నాడు, మంచం మీదా నేల మీదా, నిద్రలో ఏదైనా చురుక్కుమందా అని అడగాలి. అప్పుడు ఇంటావిడ “ఏదో పురుగు ముట్టినట్టుంది సారూ” అంటుంది. పెద్దకొడప్‌గల్ వైపు మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దులు దగ్గర. తెలుగుతో పాటు మరాఠీ, కన్నడ, ఉర్దూ వినిపిస్తాయి, తండాల్లో లంబాడీ మాట్లాడతారు. ఏ భాషలోనైనా ఈ ప్రశ్నలు అడగగలగడం ఏ స్కానింగ్ కన్నా తక్కువ కాదని నా నమ్మకం. 1975లో బ్రిటన్‌లో హాంప్టన్ బృందం 80 మంది కొత్త ఔట్‌పేషెంట్లను పరిశీలిస్తే, 66 మందిలో హిస్టరీతోనే సరైన నిర్ధారణ తేలింది.

ఇక చికిత్స. రెప్పలు వాలాయంటే విషం ఎక్కినట్టే, పాము విషానికి విరుగుడైన ఏఎస్‌వీ మొదలుపెట్టాలి. నాగుపాము విషానికి నియోస్టిగ్మిన్ బాగా పనిచేస్తుంది. కట్లపాము విషం నరాల కొసలనే దెబ్బతీస్తుంది కాబట్టి అక్కడ ఆ మందు మీద పెద్దగా ఆశ పెట్టుకోకూడదు. అక్కడ ప్రాణం నిలబెట్టేది కృత్రిమ శ్వాస. పెద్ద ఆసుపత్రికి పంపాల్సి వస్తే మొదటి డోసు ఎక్కించడం మొదలుపెట్టాకే పంపాలి. దారిలో ఊపిరి ఆగితే ఆంబు బ్యాగు పట్టగలిగిన మనిషి 108లో ఉన్నాడో లేడో చూసుకోవాలి. మన దేశంలో 2000 నుంచి 2019 వరకు ఏటా సగటున 58,000 మంది పాముకాటుతో చనిపోయారని అంచనా. వాళ్లలో ఆసుపత్రి చేరకుండానే పోయినవాళ్లే ఎక్కువ.

అపోహ: పిల్లలకు ఏఎస్‌వీ సగం డోసు చాలు, ముందు టెస్ట్ డోసు తప్పనిసరి.

రెండూ తప్పే. పాము మనిషి బరువు చూసి విషం వదలదు. రక్తపింజర కాటులో సగటున 63 మిల్లీగ్రాముల విషం దిగుతుంది. ఒక మిల్లీలీటరు విరుగుడు 0.6 మిల్లీగ్రాముల రక్తపింజర విషాన్ని అణచగలదు. అంటే 10 మిల్లీలీటర్ల వయల్‌కు 6 మిల్లీగ్రాములు. 8 నుంచి 10 వయల్స్‌తో మొదలుపెట్టమనడం ఈ లెక్క మీదే. చంటిపిల్లకైనా అంతే.

టెస్ట్ డోసు రియాక్షన్‌ను ముందుగా చెప్పలేదు, ఉన్న సమయాన్ని తినేస్తుంది. అడ్రినలిన్ సిరంజిలో సిద్ధంగా ఉండాలి. రియాక్షన్ వస్తే డ్రిప్ ఆపి, పెద్దవాళ్లకు 0.5 మిల్లీగ్రాములు తొడ కండరంలో ఇచ్చి, కుదుటపడ్డాక మళ్లీ ఎక్కించాలి.

అలాగని కరిచిన ప్రతివాళ్లకూ ఏఎస్‌వీ కాదు. విషం ఎక్కిన లక్షణాలు ఉండాలి. రక్తం గడ్డకడుతుందో లేదో చూసే 20 నిమిషాల పరీక్షకు పొడిగా, శుభ్రంగా ఉన్న కొత్త గాజు ట్యూబే వాడాలి. సబ్బుపొడితో కడిగినదైనా, ప్లాస్టిక్‌దైనా తప్పుడు ఫలితం ఇస్తుంది. నాగు, కట్లపాము కాట్లలో రక్తం మామూలుగానే గడ్డకడుతుంది. దాన్ని చూసి ఇంటికి పంపేస్తే ప్రమాదం. ఏఎస్‌వీ ఇచ్చాక ఈ పరీక్షను మళ్లీ 6 గంటలకు చేస్తారు. కాలేయం కొత్త గడ్డకట్టే పదార్థాలు తయారుచేయడానికి దాదాపు అంత సమయం పడుతుంది.

అపోహ: టెస్టు పాజిటివ్ వస్తే జబ్బు ఉన్నట్టే.

వెయ్యి మందిలో పదిమందికే జబ్బు ఉందనుకుందాం. టెస్టు జబ్బున్నవాళ్లలో 90 శాతాన్ని పట్టుకుంటుంది, జబ్బు లేనివాళ్లలో 90 శాతానికి నెగెటివ్ ఇస్తుంది. పదిమందిలో 9 మందికి పాజిటివ్. మిగతా 990 మందిలోనూ 99 మందికి పాజిటివే. మొత్తం 108 పాజిటివ్‌లలో నిజమైనవి తొమ్మిదే. అదే టెస్టును సగం మందికి జబ్బున్న చోట వాడితే, పది పాజిటివ్‌లలో తొమ్మిది నిజమవుతాయి. టెస్టు మారలేదు, అనుమానం బలం మారింది. జ్వరం వచ్చిన ప్రతివాళ్లకూ ఒక్క వైడల్ చేసి టైఫాయిడ్ అనేయడంలోని తప్పు ఇదే. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు బ్లడ్ కల్చర్ తీయించడం సరైన జవాబు.

అపోహ: డెంగీలో ప్లేట్‌లెట్ల సంఖ్యను బట్టే చికిత్స.

అసలు చూడాల్సింది జ్వరం తగ్గే రోజున. కడుపునొప్పి, ఆగని వాంతులు, మగత, పెరుగుతున్న హిమటోక్రిట్ కనిపిస్తే రక్తనాళాల నుంచి నీరు కారిపోతోందని అర్థం. అప్పుడు సెలైన్‌ను లెక్కగా ఇవ్వడమే చికిత్స. రక్తస్రావం లేకుండా, అంకె పడిపోయిందని ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే రక్తస్రావం తగ్గలేదని సింగపూర్, మలేసియాల్లో జరిగి 2017లో వెలువడిన పరిశోధన తేల్చింది.

అపోహ: పురుగుల మందు కేసులో కంటిపాపలు పెద్దవయ్యేదాకా అట్రోపిన్ ఇవ్వాలి.

పాపలు ఆలస్యంగా విచ్చుకోవచ్చు, కాబట్టి వాటిని గురిగా పెట్టుకోకూడదు. ఊపిరితిత్తుల్లో గురగుర పోవాలి, గుండె వేగం 80 దాటాలి, పై బీపీ 80 దాటాలి. అందాకా ప్రతి 5 నిమిషాలకు డోసు రెట్టింపు చేస్తూ పోవాలి. ఆ తర్వాత రోగి కలవరిస్తూ, ఒళ్లు కాలిపోతూ, పేగుల చప్పుడు లేకుండా ఉంటే అట్రోపిన్ ఎక్కువైనట్టు. కాసేపు ఆపి, తగ్గించి మళ్లీ మొదలుపెట్టాలి.