ఆసు మిషిన్‌కు పేటెంట్ ఎందుకంటే

పోచంపల్లి చీరకు ఆసు పొయ్యాలంటే చెయ్యి వేలసార్లు తిప్పాలె. తల్లి లక్ష్మి భుజం నొప్పి సూడలేక ఆలేరు దిక్కు చింతకింది మల్లేశం 1999ల మిషిన్ తయారు చేసిండు. పేటెంట్ తీసుకున్నడు, 2017ల పద్మశ్రీ వచ్చింది.

‘సర్కారు ఒక్కనికే హక్కు రాసిస్తే మార్కెట్ల పోటీ ఏడుంటది?’ అని కొందరంటరు. ఆ హక్కు 20 ఏండ్లే. బదులుగ మిషిన్ గుట్టంత రాసియ్యాలె, గడువైనంక ఎవలైనా చేసుకోవచ్చు. అది లేకుంటే ఏండ్లకేండ్లు తిప్పలు పడ్డోని పనితనాన్ని పైసలున్నోడు నెలల నకలు కొడతడు. అందుకే పేటెంట్ ఉండాల్నంట నేను.

చీర సంగతి వేరు. అది ఒక్కని సొత్తు గాదు, ఊర్ల పనితనం. దానికి 2005ల జీఐ గుర్తింపు వచ్చింది. అయినా ప్రింటు బట్టను పోచంపల్లి పేరు మీదనే అమ్ముతున్నరు. కాయిదమిచ్చిన సర్కారే దుకాణాలల్ల తనిఖీ చెయ్యాలె. కోర్టుల సుట్టు తిరిగే పైసలు మగ్గం మీద కూసున్నోని దగ్గర లేవు.