గుర్రం మీద వచ్చిన దొర, కడప సీమలో మిగిలిన గురుతులు

కడప నుంచి పులివెందుల పోయే దారిలో వేంపల్లె దగ్గర గండికి మళ్లితే, పాపఘ్ని నది శేషాచలం కొండను చీల్చుకొని బయటపడే చోటు వస్తుంది. ఇటూ అటూ నిటారుగా రాతి గోడలు, ఒడ్డున వీరాంజనేయస్వామి గుడి. రాముడు బాణపు మొనతో రాతి మీద ఆంజనేయుడి రూపు గీశాడని, చిటికెన వేలు మాత్రం పూర్తిచేయకుండా వదిలేశాడని స్థలపురాణం. రాముడు వచ్చిన సంతోషంలో వాయుదేవుడు రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడట. అది అందరి కంటా పడదు. పుణ్యాత్ములకే, అదీ ఆయువు తీరబోయే ముందు కనిపిస్తుందని ఇక్కడివాళ్ల నమ్మకం. అలా చూసినవాడిగా జనం చెప్పుకొనే పేరు ఏ యోగిదో, పీఠాధిపతిదో కాదు. స్కాట్లాండు క్రైస్తవుడు థామస్ మన్రోది. ఈ దారిన పోతూ తలెత్తి, ఆ తోరణం ఎవరు కట్టారని అడిగాడట. వెంట ఉన్నవాళ్లకు ఏమీ కనిపించలేదట. ఆ తర్వాత కొన్నాళ్లకే దొర కన్నుమూశాడని కథ.

ఈ కథకు రుజువులు వెతకడం కన్నా, పరాయి దేశపు దొరను ఈ సీమ తన పురాణంలోకి ఎందుకు చేర్చుకుందో వెతకడమే బాగుంటుంది. గ్లాస్గోలో 1761లో పుట్టిన మన్రో ఈస్టిండియా కుంఫిణీ సైన్యంలో చేరి 1780లో మద్రాసు వచ్చాడు. నిజాం 1800లో బళ్లారి, అనంతపురం, కడప ప్రాంతాలను కుంఫిణీకి దత్తం చేశాక, వాటికి ప్రిన్సిపల్ కలెక్టరు అయ్యాడు. అప్పటికి సీమంతా పాళెగాళ్ల చేతుల్లో ఉంది. వాళ్లను అణచడంలో మన్రో మెత్తదనమేమీ చూపలేదు. కానీ 1807లో సెలవు మీద స్వదేశానికి వెళ్లేదాకా ఆయన కాపురం ఎక్కువగా డేరాల్లోనే సాగింది. గుర్రమెక్కి ఊరూరూ తిరిగి, చేను చేనూ కొలిపించి, జమీందారు మధ్యలో లేకుండా రైతు పేరనే పట్టా రాయించాడు. రైతువారీ పద్ధతి ఇక్కడ వేళ్లూనుకున్నది అలాగే.

తాను వేసిన శిస్తు బరువు ఆయనకు తెలుసు. వెళ్లిపోయే ముందు, 1807లోనే, నాలుగో వంతు తగ్గించాలని పైవారికి రాశాడు. వాళ్లు ఒప్పుకోలేదు. 1820లో తానే మద్రాసు గవర్నరుగా తిరిగివచ్చాక ఆ తగ్గింపు అమలైంది. సీమ రైతు ఈ మాట మరిచిపోలేదు. కొడుకులకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు, ఆయన్ను మాండవ ఋషి అన్నారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి బృందావనం ముందు నిలబడి స్వామితో మాట్లాడాడన్న కథ కూడా ఈ దొర మీదే ఉంది.

సొంత మతం విషయంలో ఆయన గీసుకున్న గీత గట్టిది. ప్రభుత్వ హోదాలో ఉండి మత ప్రచారానికి దిగిన బళ్లారి సబ్ కలెక్టరును 1822లో గవర్నరుగా తప్పుపట్టాడు. అధికారం చేతిలో ఉన్నవాడు బోధకు దిగితే అది బలవంతమే అవుతుందన్నది ఆయన వాదం. అదే ఏడు మద్రాసు ప్రెసిడెన్సీలోని వీధిబడుల లెక్క తీయమని కలెక్టర్లందరికీ ఉత్తర్వులు పంపాడు. నాలుగేళ్లకు తేలిన లెక్క ఇది: కోటీ 28 లక్షల జనాభాకు 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. జిల్లా బడిలో అయ్యవారికి నెలకు 15 రూపాయలు, తాలూకా బడిలో 9 రూపాయలు ఇద్దామని ఆయన ప్రతిపాదన. అది పూర్తిగా పట్టాలెక్కకముందే, 1827 జులై 6న, పర్యటనలో ఉండగా పత్తికొండ దగ్గర కలరా సోకి చనిపోయాడు. గుత్తిలో పాతిపెట్టిన దేహాన్ని 1831లో మద్రాసు సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. చెన్నైలో శిల్పి ఛాంట్రీ చేసిన ఆయన విగ్రహంలో గుర్రానికి జీనూ లేదు, రికాబులూ లేవు. చూసినవాళ్లు ఇప్పటికీ ఇదేం స్వారీ అని ఆశ్చర్యపోతారు.

అయ్యవారి పని మిగిలింది మరొకరికి. సివిల్ ఉద్యోగులు జనం భాష నేర్వాలన్న మన్రో మాట మద్రాసు కాలేజీలో విన్న కుర్రవాళ్లలో ఒకడు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. కలకత్తా పాదిరి డేవిడ్ బ్రౌన్ కొడుకు. 1820లో కడప చేరి, మరుసటి ఏడే ఇక్కడ ఉచిత పాఠశాలలు తెరిచాడు. పాదిరి కొడుకు వేమన పద్యాల కోసం పాత తాళపత్రాలు వెతికించి, 1829లో ఇంగ్లీషు అనువాదంతో అచ్చువేశాడు. కడపలో బంగళా కొని పండితులను పెట్టుకొని, జీతాలు సొంత డబ్బుతో, ఒక్కోసారి అప్పుచేసి ఇచ్చాడు. అయోధ్యాపురం కృష్ణారెడ్డి, జూలూరి అప్పయ్య వంటివారు ఆయనకు కొలువు చేసినవారే కాదు, ఆప్తులు కూడా. రిటైరై లండన్ చేరాక అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు ఆచార్యుడయ్యాడు.

జమ్మలమడుగులో ఈ కథకు ఇంకో మలుపు. కడపలో 1822లో అడుగుపెట్టిన లండన్ మిషనరీ సొసైటీ, ఆ శతాబ్దం చివరికి ఇక్కడ ఆసుపత్రి నిలిపింది. దాన్ని నడిపిన డాక్టరు క్యాంప్‌బెల్ పేరే ఇప్పటికీ దానికి ఉంది. ఇప్పుడది సీఎస్ఐ సంఘం చేతిలో ఉంది. డాక్టరుగా వై.ఎస్. రాజశేఖరరెడ్డి మొదట పనిచేసింది ఇక్కడే. 1973లో పులివెందులలో తండ్రి పేరిట 70 పడకల ఆసుపత్రి పెట్టింది ఆ తర్వాతే. మిషన్ ఆవరణలో మొదలైన సేవ అలా అరవై డెబ్బై కిలోమీటర్ల అవతల ఇంకో ఊరికి అందింది.

వెళ్లాలనుకునేవారికి గండి, జమ్మలమడుగు, కడప ఒకే జిల్లాలో ఉన్నాయి. గండికి కడప నుంచీ, పులివెందుల నుంచీ వేంపల్లె మీదుగా వెళ్లవచ్చు. శ్రావణ శనివారాల్లో తిరునాళ్ల రద్దీ ఉంటుంది, నెమ్మదిగా చూడాలంటే వేరే రోజు మేలు. జమ్మలమడుగుకు ప్రొద్దుటూరు నుంచి బస్సులున్నాయి. 2016లో మొదలైన నంద్యాల–ఎర్రగుంట్ల రైలుమార్గం ఈ రెండు ఊళ్లనూ తాకుతుంది. జమ్మలమడుగు నుంచి పెన్నా లోయ మీది గండికోట సుమారు 15 కిలోమీటర్లు. కడపలో బ్రౌన్ బంగళా ఉన్న స్థలంలోనే, జానమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుదలతో లేచిన బ్రౌన్ గ్రంథాలయం ఉంది. ప్రస్తుతం యోగి వేమన విశ్వవిద్యాలయం దాని బాగోగులు చూస్తోంది. కోటా కొండా చూపించడానికి పిల్లలను తీసుకెళ్లేవారు ఒక పూట ఈ గ్రంథాలయానికీ కేటాయించండి. మీ ఇంట్లో పాత తాళపత్రాలు అటక మీద మూలుగుతుంటే, వాటిని చెదలకు వదిలేయకుండా అక్కడికి చేర్చండి.