ఎగురుట, దిగుట: దెబ్బ ఎక్కడ నున్నది?

కొత్తగూడెము నుండి పాల్వంచ మీదుగా భద్రాచలమునకు పోవు దారిలో అడవి తగులును. అక్కడ కొండముచ్చుల మందను చూడని విద్యార్థి అరుదు. ఒక కొండముచ్చు ఎత్తైన కొమ్మపై ముడుచుకొని కూర్చుండును. ఒక్కసారి కాళ్ళు చాచి ఎగిరి, అయిదారు మీటర్ల క్రిందనున్న మరియొక చెట్టు కొమ్మను పట్టుకొనును. ఆ కొమ్మ వంగి ఊగును. కొండముచ్చు ఏమియు జరుగనట్లు ఆకులు తినుటకు పూనుకొనును. అదే అడవి అంచున ఒక పల్లెలో తాటిచెట్టు మీదినుండి జారిన మనిషి మరల లేవకపోవచ్చును. రెండును పడుటయే గదా! ఒకచోట లేని దెబ్బ వేరొకచోట ఎట్లు వచ్చినది? "ఎత్తు వలన" అని మనము వెంటనే చెప్పుదుము. ఆ సమాధానము సగమే నిజము. మిగిలిన సగమును తెలిసికొనుటకు మొదట ఎగురుటను పరిశీలింతము.

ఎగురునపుడు

50 కిలోగ్రాముల విద్యార్థి నిలుచున్నచోటనే పైకి ఎగురదలచెననుకొందము. అతడు మొదట చేయు పని మోకాళ్ళు వంచి క్రిందికి ముడుచుకొనుట. మోకాళ్ళు వంచకుండ ఎగురబోయినచో మడమలు లేచుటతోనే సరిపోవును. వేగము ఉన్నపళముగా పుట్టునది కాదు. బలము కొంత దూరము పనిచేసినప్పుడే పుట్టును.

అతడు 40 సెంటీమీటర్లు ముడుచుకొని, నిటారుగా లేచి, నేల విడిచిన పిదప మరి 40 సెంటీమీటర్లు ఎగిరెననుకొందము. శరీరము మొత్తము 80 సెంటీమీటర్లు పైకి పోయినది. భూమి దానిని ఆ 80 సెంటీమీటర్లును క్రిందికి లాగుచునే యున్నది. కాని కాళ్ళు నేలను త్రొక్కినది మొదటి 40 సెంటీమీటర్లలో మాత్రమే. కావున కాళ్ళు సగటున బరువునకు రెండింతల బలముతో, అనగా 100 కిలోగ్రాముల బరువుతో, త్రొక్కవలసి యుండును. దీనిని ఇట్లు వ్రాయవచ్చును:

సగటు బలము = బరువు × (1 + ఎత్తు ÷ దూరము)

ఇందు ఎత్తు అనగా గాలిలో లేచిన ఎత్తు. దూరము అనగా కాళ్ళు చాచుకొనుచు బలము ప్రయోగించిన దూరము.

దిగునపుడు

దిగుట అనునది ఎగురుటను వెనుకకు త్రిప్పి చూచుటయే. అక్కడ వేగమును పుట్టించితిమి, ఇక్కడ దానిని చంపవలెను. సూత్రము అదియే. ఎత్తు అనగా పడిన ఎత్తు. దూరము అనగా నేల తగిలినది మొదలు శరీరము పూర్తిగా ఆగువరకు అది కదలిన దూరము.

అదే విద్యార్థి 1.25 మీటర్ల గోడ మీదినుండి దూకెననుకొందము. నేల తగులునప్పటికి అతని వేగము సెకనుకు 5 మీటర్లు. అతడు మోకాళ్ళు, నడుము వంచుచు 50 సెంటీమీటర్లలో ఆగినచో సగటు బలము బరువునకు మూడున్నర రెట్లు, అనగా 175 కిలోగ్రాముల బరువు. కాళ్ళు కఱ్ఱవలె బిగబట్టి 5 సెంటీమీటర్లలో ఆగినచో 26 రెట్లు, అనగా 1300 కిలోగ్రాముల బరువు! గోడ అదియే, బాలుడు అతడే. మారినది ఆగిన దూరము మాత్రమే. ఇవి సగటు లెక్కలు. నేల తగిలిన ఆ స్వల్పకాలములో బలము ఇంతకంటె ఎక్కువకు పోయి దిగును.

గాలిలో పడుచున్నంతసేపు దెబ్బ లేదు. దెబ్బ ఆగుటలో నున్నది.

ఇక కొండముచ్చు మర్మము తేటపడును. 12 కిలోగ్రాముల కొండముచ్చు 5 మీటర్లు పడి కొమ్మను పట్టినది. కొమ్మ వంగుట, చేతులు సాగుట కలిపి ఒక మీటరులో అది ఆగినచో బలము ఆరు రెట్లే. బండపై పడి 25 సెంటీమీటర్లలో ఆగియుండినచో 21 రెట్లు. లేత కొమ్మ వంగుట దాని బలహీనత కాదు. కొండముచ్చుకు అదియే రక్ష.

తాటిచెట్టు మీద

ఈ ప్రాంతమున గౌడులే గాక కోయలును తాటి, జీలుగు చెట్లెక్కి కల్లు గీయుదురు. 20 మీటర్ల తాటిచెట్టు నుండి పడు మనిషి రెండు సెకనులలో నేల చేరును. అప్పటి వేగము గంటకు 72 కిలోమీటర్లు. గట్టినేలపై శరీరము 10 సెంటీమీటర్లలో ఆగినచో బలము 201 రెట్లు. ఎముకలు దీనిని ఓర్చుకొనజాలవు. ఇక్కడ మోకాళ్ళు వంచు ఉపాయము చాలదు. పడు ఎత్తునే తగ్గించవలెను.

అందులకే 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము "కాటమయ్య రక్ష" పేరుతో గీతకార్మికులకు భద్రతా సామగ్రిని పంచుట ఆరంభించినది. పాత మోకు ఎక్కుటకు తోడ్పడునది. పట్టు తప్పినవానిని ఆపుటకు ఉద్దేశించినది కాదు. పట్టు తప్పినను మనిషిని చెట్టునకే నిలుపుట క్రొత్త పట్టీల, త్రాళ్ళ పని.

70 కిలోగ్రాముల మనిషి 60 సెంటీమీటర్లు జారిన పిదప త్రాడు బిగిసి, 30 సెంటీమీటర్లలో అతనిని ఆపెననుకొందము. బలము మూడు రెట్లు, అనగా 210 కిలోగ్రాముల బరువు. త్రాడు ఏ మాత్రము సాగక 3 సెంటీమీటర్లలో ఆపినచో 21 రెట్లు, దాదాపు టన్నున్నర! దీనినిబట్టి మూడు సంగతులు గ్రహింపవలెను. త్రాటిని వదులుగా ఉంచరాదు. వదులు ఎంతయో పడు ఎత్తు అంత. త్రాడు గాని పట్టీ గాని కొంత సాగవలెను. ఇనుప తీగ గట్టిదైనను ఆ పనికి రాదు. ఆపు బలము సన్నని త్రాటితో నడుమును కోయక, వెడల్పైన పట్టీలతో తొడలకు, నడుమునకు, భుజములకు పంచబడవలెను.

చంద్రుని మీద

2023 జూలై 14న శ్రీహరికోట నుండి బయలుదేరిన చంద్రయాన్-3కును ఈ లెక్క తప్పలేదు. చంద్రునిపై గాలి లేదు గనుక పారాచూటు పనిచేయదు. దిగువాహనమగు విక్రమ్ తన యంత్రములను క్రిందివైపు మండించి, అనేక కిలోమీటర్ల దూరమున కొద్దికొద్దిగా వేగమును చంపుకొనెను. మిగిలిన కొద్దిపాటి వేగమును కాళ్ళకు వదలిరి. సెకనుకు 3 మీటర్ల వేగముతో దిగినను తట్టుకొనునట్లు ఆ కాళ్ళను బలపరచిరి. మన నేలపై 45 సెంటీమీటర్ల ఎత్తునుండి పడిన వస్తువు వేగమంతే. ఆగస్టు 23న విక్రమ్ క్షేమముగా నిలిచినది. 2019 సెప్టెంబరు 7న చంద్రయాన్-2 దిగువాహనము వేగము చాలినంత తగ్గకమునుపే నేలను తాకి చెడిపోయినది.

తరగతిలో

ఉపాధ్యాయులు దీనిని ఒక కోడిగ్రుడ్డుతో చూపవచ్చును. ఇద్దరు విద్యార్థులు ఒక దుప్పటిని తెరవలె నిలువుగా, వదులుగా పట్టుకొని, క్రింది అంచును ఒడివలె మడచవలెను. మూడవవాడు గ్రుడ్డును దానిపైకి వేగముగా విసరవలెను. గ్రుడ్డు పగులదు. అంత వేగముతోనే గోడకు విసరినచో ఏమగునో చెప్పనక్కరలేదు. రెండుచోట్ల ఆగిన దూరమును విద్యార్థులచేతనే అంచనా వేయించి సూత్రమును వ్రాయించవలెను.

ఆటస్థలములో పొడుగుదూకు గుంటలో ఇసుకను త్రవ్వి వదులుచేయుట ఎందుకో అప్పుడు వారే చెప్పగలరు. తండ్రియో అన్నయో తాటిచెట్టెక్కు ఇంటి బాలుడు ఆ తరగతిలో ఉన్నచో, అతడు ఇంటికి పోయి త్రాటి వదులును చూచును. ఈ పాఠమునకు అంతకంటె మంచి పరీక్ష లేదు.