సైనస్ ఆపరేషన్ అయ్యిందా? ఇంటికొచ్చాక ఇవి మర్చిపోకండి
(రాజీవ్ ఆరోగ్యశ్రీ లబ్ధిదారుల కోసం)

12 వారాలు దాటినా ముక్కు దిబ్బడ, ముఖం బరువు, గొంతులోకి చీమిడి కారడం తగ్గకపోతే దాన్ని దీర్ఘకాలిక సైనస్ అంటారు. మందులకు లొంగకపోతే డాక్టర్లు ఎండోస్కోపీ ఆపరేషన్ చేస్తారు. సన్నని కెమెరాను ముక్కులోంచే పంపి, మూసుకుపోయిన సైనస్ దారులను తెరుస్తారు. ముఖం మీద కోత ఉండదు.

"ఆపరేషన్ అయినా ముక్కు బిగుసుకునే ఉందేంటి?"
కంగారు పడకండి. లోపల వాపు, పొక్కులు ఉంటాయి. కొన్ని రోజులు కొద్దిగా రక్తం కలిసిన చీమిడి రావచ్చు. లోపల పుండు మానడానికి కొన్ని వారాలు పడుతుంది. వాసన తెలియడానికి నెలలు పట్టొచ్చు, కొందరికి పూర్తిగా రాకపోవచ్చు.

ఇంట్లో ఏం చేయాలి?
• డాక్టర్ సరే అనేదాకా ముక్కు గట్టిగా చీదకండి. తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మండి.
• బరువులు ఎత్తకండి. తల ఎత్తుగా పెట్టుకుని పడుకోండి.
• డాక్టర్ చెప్పినట్టు ఉప్పునీటితో ముక్కు కడుక్కోండి. కాచి చల్లార్చిన నీళ్లే వాడాలి, నల్లా నీళ్లు నేరుగా వద్దు.
• బీడీ, సిగరెట్, పొయ్యి పొగకు దూరంగా ఉండండి.

బాగైందని ఎలా తెలుస్తుంది?
డాక్టర్లు 22 ప్రశ్నలు అడిగి, ఒక్కోదానికి 0 నుంచి 5 వరకు మార్కులు వేస్తారు. మొత్తం ఎంత తగ్గితే అంత మంచిది. అందులో ముక్కు సంగతులే కాదు, నిద్ర, అలసట, పని మీద ధ్యాస కూడా ఉంటాయి. మీరూ గమనించండి: రాత్రి మధ్యలో లేవకుండా నిద్ర పడుతోందా? పొద్దున లేస్తే ఒళ్లు తేలిగ్గా ఉందా?

చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు
హాయిగా ఉంది కదా అని ముక్కు స్ప్రే ఆపేస్తారు. కూలి పోతుందని తిరిగి చూపించుకోవడానికి వెళ్లరు. ఆపరేషన్ దారి తెరుస్తుంది కానీ, వాపు వచ్చే గుణాన్ని తీసేయదు. ముక్కులో కండలు మళ్లీ పెరగొచ్చు. ఆస్తమా ఉంటే ఇన్‌హేలర్ కూడా మానొద్దు.

డిశ్చార్జ్ తర్వాత 10 రోజుల మందులు పథకం కిందే ఉచితం. ఇవ్వకపోతే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడగండి, లేదా 104కు ఫోన్ చేయండి. ఆ తర్వాత స్ప్రే కొనడం కష్టమైతే మానేయకండి, ప్రభుత్వ ఆసుపత్రి ఈఎన్‌టీ ఓపీలో చూపించుకుని అడగండి.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి
ఆగని రక్తం, చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనిపించడం, కంటి వాపు, ముక్కులోంచి నీళ్లలా ధారగా కారడం, మెడ పట్టేసి విపరీతమైన తలనొప్పి, తీవ్ర జ్వరం. వీటిలో ఏ ఒక్కటున్నా తెల్లారేదాకా ఆగకండి, 108కు ఫోన్ చేయండి.