మీకు తెలుసా? సెకండ్ హ్యాండ్ రెక్కలు దొరుకుతాయి!

ఇలా దగ్గరికి రండి, ఒక రహస్యం చెబుతాను. ఇంజన్ లేదు. పెట్రోలు లేదు. అయినా గంటల తరబడి గాల్లోనే ఉంటుంది! దాని పేరు గ్లైడర్. అమెరికాలో, యూరప్‌లో మామూలు ఉద్యోగస్తులు కూడా సొంతంగా కొనుక్కుంటారు. ఆదివారం పొద్దున తీసుకెళ్తారు, సాయంత్రం దాకా ఎగిరొస్తారు! కొత్తదే కొనాలని లేదు. 50 ఏళ్ల పాతదైనా దర్జాగా ఎగురుతుంది!

అమెరికాలో ష్వైజర్ 1-26 అని ఒక బుజ్జి గ్లైడర్ ఉంది. ఒకటే సీటు. చిన్న రెక్కలు. తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్లకు అక్కడ ముందు గుర్తొచ్చే పేర్లలో ఇదొకటి. ఇంకో తమాషా వినండి. దీన్ని విడిభాగాల కిట్‌గా కూడా అమ్మారు! పెట్టె విప్పు, భాగాలు బిగించు, ఎగురు! ఈ తయారీ 1954లో మొదలైంది. మన తాతల కాలంలో అక్కడ షెడ్డులో కూర్చుని విమానం బిగించుకున్నారన్నమాట!

ఇది ఎంత నెమ్మదిగా ఎగరగలదో ఊహించండి. గంటకు సుమారు 45 కి.మీ.! మన స్కూటర్లు అంతకంటే జోరుగా పోతాయి! అంత నిదానం కాబట్టే కొత్తవాళ్లకు భయం తక్కువ. గాలి సహకరించకపోతే? ఎవరిదో చిన్న పొలం చూసుకుని దిగిపోవచ్చు! పైలట్లకు ఇదేమీ వింత కాదు. వింతంతా రైతుకే!

చెక్క విమానం అంటే నవ్వొస్తోందా? ఆగండి! జర్మనీలో తయారైన కా 6 అంతా చెక్కే. పైన గుడ్డ. దాంట్లో కూర్చుని హైంజ్ హూత్ అనే ఆయన ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఒకసారి కాదు, 2 సార్లు! అదే మోడల్ ఇప్పుడు పాత గ్లైడర్ల సంతలో తక్కువ ధర వరుసలో ఉంటుంది. ప్రపంచ కప్పు కొట్టిన బ్యాటు పాత సామాన్ల కొట్లో దొరికినట్టు! జిగురు అతుకుల్లోకి తేమ చేరిందేమో మాత్రం తెలిసినవాళ్లతో చూపించుకోవాలి.

ఈ చెక్క పిట్ట ఎంత దూరం పోతుంది? లెక్క మనూళ్లలోనే వేద్దాం. కా 6ఈ అనే రకం ఒక కిలోమీటరు ఎత్తు దిగేలోపు దాదాపు 34 కి.మీ. ముందుకు పోతుంది! అంటే బెజవాడ మీద కిలోమీటరు ఎత్తున వదిలేస్తే చాలు. గాలి కదలకుండా ఉంటే నేరుగా గుంటూరు చేరుతుంది! చుక్క పెట్రోలు లేకుండా!

మరి డబ్బున్న మారాజుల సంగతో? ఈటా అని ఒక జర్మన్ గ్లైడర్ ఉంది. రెక్కల కొస నుంచి కొసకు 30.9 మీటర్లు! కొన్ని బోయింగ్ 737ల రెక్కలు కూడా అంత పొడవుండవు! అదే బెజవాడ మీద దీన్ని వదిలితే బందరు దాకా పోతుంది. కానీ నన్నడిగితే మొదటిసారికి గుంటూరు చాలు!

తేలికపాటి పాత గ్లైడర్లకు ఇంకో వరం ఉంది. చాలా నెమ్మదిగా దిగుతాయి! కా 8 అనే చిన్నది ప్రశాంతమైన గాలిలో సెకనుకు సుమారు 0.7 మీటర్లే కిందికి జారుతుంది. అంటే ఎండకు నేల వేడెక్కి, గాలి అంతకన్నా కాస్త జోరుగా పైకి లేచినా చాలు. పైకి పోతూనే ఉంటుంది! ఆ గాలి ఎక్కడుందో ఎవరు చెబుతారు? గద్దలు! రెక్క ఆడించకుండా అవి ఎక్కడ చుట్లు తిరుగుతున్నాయో పైలట్లు చూస్తారు. వెళ్లి పక్కనే తామూ తిరుగుతారు! పక్షి దగ్గర ఫీజులేని ట్యూషన్!

లావుంటే ఇబ్బంది అనుకుంటాం కదా? ఇక్కడ సన్నగా ఉన్నా ఇబ్బందే! చాలా గ్లైడర్లలో పైలట్ బరువుకు కింది హద్దు కూడా ఉంటుంది. పారాచూట్‌తో కలిపి సుమారు 70 కిలోలు! అంతకు తగ్గితే ముక్కు తేలికై బరువు వెనక్కి పోతుంది. అందుకే బక్కపలచని వాళ్లు సీసం దిమ్మలు పెట్టుకుని ఎక్కుతారు! కొనేముందు గ్లైడర్‌ను కాదు, ముందు మిమ్మల్ని తూచుకోండి!

ఇప్పుడు అసలు కిటుకు. అనుభవజ్ఞులు ముందు దేన్ని చూస్తారో తెలుసా? గ్లైడర్‌ను కాదు, ట్రెయిలర్‌ను! ఔను, కారు వెనక లాక్కెళ్లే ఆ పొడవాటి పెట్టెనే! కొస నుంచి కొసకు 15 మీటర్లుండే రెక్కలు విడగొడితే అందులో ఒదిగిపోతాయి. ఇక షెడ్డు అద్దె మిగిలినట్టే! అదే ట్రెయిలర్ తుప్పు పట్టి, నీళ్లు కారుతుంటే? లోపలున్న బంగారం లాంటి గ్లైడర్ కూడా పాడవుతుంది. చౌకగా వచ్చిందని ఎగిరి గంతేసి, ట్రెయిలర్ దగ్గర చతికిలబడినవాళ్లు తక్కువమందేం కాదు!

ఫైబర్ గ్లైడర్లన్నీ దాదాపు తెల్లగానే ఎందుకుంటాయి? ఫ్యాషన్ కాదు, ఎండ భయం! చాలావాటిని 54 డిగ్రీల వేడి వరకే లెక్కగట్టి తయారు చేస్తారు. నల్లరంగు వేస్తే ఎండలో అది ఇట్టే దాటిపోతుంది. లోపలి రెసిన్ మెత్తబడుతుంది! ఆ తెల్లపూతకు జెల్‌కోట్ అని పేరు. ఏళ్లు గడిచాక సన్నగా పగుళ్లిస్తుంది. దాన్ని గీకి మళ్లీ పూత వేయించే ఖర్చు ఒక్కోసారి గ్లైడర్ ధరనే మించిపోతుంది! అందుకే కొనేటప్పుడు టార్చి పట్టుకుని వెళ్లండి. రెక్క మీద వెలుగు పక్కనుంచి వేస్తే పగుళ్లు బయటపడతాయి!

చౌక వెనక ఉచ్చు కూడా ఉంటుంది! చెకోస్లోవేకియాలో తయారైన బ్లానిక్ ఎల్-13 రెండు సీట్ల గ్లైడర్. అల్యూమినియంతో కట్టారు, వేలల్లో చేశారు. ప్రపంచమంతా దాంట్లోనే నేర్చుకుందంటే అతిశయోక్తి కాదు! 2010లో ఆస్ట్రియాలో ఒకదాని రెక్క గాల్లోనే విరిగింది. లోహం అలసిపోయింది! అంతే, దేశదేశాల్లో బ్లానిక్‌లు నేల మీదే ఆగిపోయాయి. నిన్నటిదాకా ఆస్తి, ఇవాళ అలంకారం! అందుకే రంగు చూసి మురిసిపోవద్దు. ఎన్ని గంటలు ఎగిరిందో లాగ్‌బుక్‌లో చూడండి!

సామాన్యుడి గ్లైడర్ కోసం ప్రపంచ స్థాయి పోటీయే పెట్టారు! అంతర్జాతీయ వైమానిక సమాఖ్య పిలుపిచ్చింది: చౌకగా ఉండాలి, కొత్తవాళ్లు నడపగలగాలి. గెలిచింది పోలండ్‌లోని వార్సా ఇంజనీరింగ్ యూనివర్సిటీ వాళ్ల పీడబ్ల్యూ-5. రెక్కలు 13.44 మీటర్లే! ముద్దుపేరు స్మిక్. పోలిష్‌లో ఆ మాటకు బుడతడు అని అర్థం! పాపం, చాలామంది పైలట్లు పెదవి విరిచారు. ఆ డబ్బుకు ఇంకా దూరం పోయే పాత గ్లైడర్ వస్తుందన్నారు. నాకు మాత్రం ఆ బుడతడి బొద్దు ముక్కు భలే నచ్చుతుంది!

పందెపు గ్లైడర్లు కావాలనే బరువు మోస్తాయి! రెక్కల్లో నీళ్లు నింపుకుంటాయి. కొన్నింటిలో 150 లీటర్లకు పైనే! బరువు పెరిగితే జోరు పెరుగుతుంది. దిగేముందు ఆ నీళ్లన్నీ గాల్లోనే వదిలేస్తాయి! మొదటి గ్లైడర్‌కు ఈ హంగు మనకెందుకు చెప్పండి?

పాత మోడళ్లంటే చులకన వద్దు! అదే ష్వైజర్ కంపెనీ చేసిన 1-23ఈలో పాల్ బికిల్ 1961లో ఎగిరాడు. కొండగాలి కెరటమెక్కి 14,102 మీటర్లకు చేరాడు! ఎవరెస్టు ఎక్కడో కిందుండిపోతుంది! బయటి గాలిని ఆపి ఒత్తిడి నిలిపే క్యాబిన్ కూడా లేదు. ముఖానికి ఆక్సిజన్ మాస్కు, అంతే!

డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్ల పిల్లలకు ఈ ముక్క చెప్పండి. అమెరికాలో గ్లైడర్‌ను ఒంటరిగా ఎగరేయడానికి 14 ఏళ్లు నిండితే చాలు! కారు నడిపే వయసింకా రాదు, ఆకాశం మాత్రం రమ్మంటుంది! వాళ్లను ఎయిర్‌ఫీల్డ్ దాకా కారులో దింపాల్సింది అమ్మానాన్నలే!

గాల్లోకి లేవడానికి మరో విమానం లాగాలా? అక్కర్లేదు! నేల మీద ఒక వించ్, దానికో పొడవాటి తాడు. అది గిర్రున చుట్టుకుంటే గ్లైడర్ గాలిపటంలా లేస్తుంది! 3, 4 సెకన్లలోనే గంటకు వంద కి.మీ. వేగం! యూరప్ క్లబ్బుల్లో చౌక దారి ఇదే. కడుపులో పేగులు కాసేపు కిందే ఉండిపోతాయంతే!

ఈ విద్య ప్రాణాలు నిలిపింది కూడా! 1983లో కెనడా మీదుగా పోతున్న బోయింగ్ 767లో ఇంధనం అయిపోయింది. రెండు ఇంజన్లూ ఆగిపోయాయి! కెప్టెన్ బాబ్ పియర్సన్‌కు గ్లైడర్లు నడిపిన అనుభవం ఉంది. గ్లైడర్ కిటుకుతోనే అంత పెద్ద విమానాన్నీ పక్కకు వాల్చి ఎత్తు తగ్గించాడు. గిమ్లీ అనే ఊళ్లోని పాత రన్‌వే మీద దించేశాడు! అందరూ బతికారు!

మన దేశమూ గ్లైడర్లు చేసింది! పౌర విమానయాన శాఖ సాంకేతిక కేంద్రం వాటికి పెట్టిన పేర్లు వినండి. అశ్విని, భరణి, కార్తీక్, రోహిణి, మృగశిర, ఆరుద్ర! గుర్తుపట్టారా? పంచాంగంలోని 27 నక్షత్రాల్లో మొదటి వరుస! అశ్వినితో మొదలుపెట్టి అలా నక్షత్రాలు లెక్కపెట్టుకుంటూ పోయారు!

చివరగా, గ్లైడర్‌లోకెల్లా చవకైన పరికరం! ముందరి అద్దం మీద టేపుతో అతికించిన ఊలు దారం. పొడవు 10 సెంటీమీటర్లు! అది నిటారుగా ఉంటే గ్లైడర్ గాలికి ఎదురుగా తిన్నగా పోతున్నట్టు. పక్కకు జరిగితే వంకరగా జారుతున్నట్టు. కోట్లు పోసిన ఈటాకైనా, షెడ్డులో బిగించిన 1-26కైనా ఇదే దారం! అమెరికా గూఢచారి విమానం యూ-2 అద్దం మీద కూడా ఇలాంటి దారమే! అమ్మమ్మ స్వెటర్ అల్లిన బుట్టలో ఓసారి వెతకండి. మీ మొదటి గ్లైడర్‌కు మొదటి పరికరం అందులోనే ఉంది!